జారే గడకు మళ్లీ పట్టు

అద్దాలు తుడిచే టెలిస్కోపిక్ గడకు ప్రాణం క్లాంపులే. ఒకదానిలో ఒకటి దూరే కార్బన్ ఫైబర్ గొట్టాల మధ్య ఇసుక చేరితే, లాగినప్పుడల్లా పైపొర గీసుకుపోతుంది. క్రమంగా గొట్టం సన్నబడి క్లాంపు పట్టు తప్పుతుంది. పనితనం తెలిసినవాడు వెంటనే క్లాంపు స్క్రూ జోలికి పోడు. గొట్టాలన్నీ విడదీసి కడిగి ఆరబెడతాడు. చాలాసార్లు జారుడు అక్కడే ఆగుతుంది. ఆ ఓపికే ఈ పనిలో మెచ్చుకోవలసిన గుణం. తర్వాతే బిగింపు, అదీ పావు చుట్టు చొప్పున, ఎందుకంటే అతిగా బిగిస్తే గొట్టం చీలుతుంది. బాగా అరిగిన క్లాంపును కొద్దిగా వేడిచేస్తే జిగురు మెత్తబడి ఊడివస్తుంది. ఆ చోటును తడి ఎమెరీ కాగితంతో రుద్ది (పొడి దుమ్ము ఊపిరితిత్తులకు చేటు), ఎపాక్సీతో కొత్తది అతికిస్తారు. చివర చీలిన గొట్టాన్ని చీలిక దాటి కోసి వాడుకోవచ్చు. గడ కాస్త పొట్టిదవుతుంది, అంతే.