పడని గోల్‌కు లెక్క ఎవరు రాస్తారు?

మా అమ్మాయి ఈ ఏడు స్కూలు ఫుట్‌బాల్ జట్టులోకి వచ్చింది. ఊరి నుంచి వచ్చిన మా పెదనాన్న దాన్ని దగ్గరకు తీసుకుని "ఎన్ని గోల్స్ కొట్టావే తల్లీ?" అని అడిగారు.

"నేను డిఫెండర్ని తాతయ్యా, గోల్స్ కొట్టను."

"మరి గ్రౌండులో నువ్వు చేసేదేంటే?"

"అవతలి వాళ్ళని కొట్టనివ్వను."

ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. పిహెచ్.డి. అయ్యాక పాప పుట్టి మూడేళ్ళు ఇంట్లో ఉన్నాను. తర్వాత ఒక కాలేజీలో ఇంటర్వ్యూకి వెళితే, బోర్డులో ఒకాయన నా బయోడేటాలో ఆ మూడేళ్ళ దగ్గర వేలు పెట్టి "ఇక్కడేమీ లేదేంటమ్మా?" అన్నాడు. పాప జ్వరం ముదరకుండా, అత్తగారి మందులు తప్పకుండా, ఇల్లు ఆగిపోకుండా చూసిన మూడేళ్ళు అవి. కానీ "జరగకుండా చూసినవి" రాసుకోవడానికి బయోడేటాలో గడి ఎక్కడుంది?

పాపతో కలిసి పాత మ్యాచులు చూడడం అలా మొదలైంది. అక్కడే నాకు జాయ్ ఫాసెట్ పరిచయమైంది. నేను ఆటల పండితురాలిని కాదు, సాహిత్య విద్యార్థినిని. అందుకే ఆమె ఆట జీవితాన్నీ, దాన్ని లోకం చెప్పుకున్న తీరునీ ఒక కథనంగానే చదివాను.

జాయ్ ఫాసెట్ 1968లో పుట్టింది. అమెరికా జాతీయ జట్టుకు 2004 దాకా ఆడింది. 230కి పైగా అంతర్జాతీయ మ్యాచులు, 27 గోల్స్. 1994లో, 1997లో, 2001లో ముగ్గురు కూతుళ్ళను కన్నది. 1995, 1999, 2003 ప్రపంచకప్పుల్లో తన జట్టు ఆడిన ప్రతి నిమిషం మైదానంలోనే ఉంది. తొలి కాన్పులకీ ఆ కప్పులకీ మధ్య ఉన్న దూరం లెక్కేసుకుంటే, ఆ "ప్రతి నిమిషం" అన్న మాట బరువు తెలుస్తుంది.

1999 జులై 10న పాసడీనాలో జరిగిన ఫైనల్‌ను చూడండి. స్టేడియంలో 90,185 మంది. అమెరికా, చైనా జట్లు 120 నిమిషాలు ఆడినా ఒక్క గోల్ పడలేదు. చివరికి పెనాల్టీ కిక్కుల్లో 5-4తో అమెరికా గెలిచింది. ఆఖరి కిక్ కొట్టిన బ్రాండీ ఛాస్టైన్ చొక్కా విప్పి మోకాళ్ళ మీద కూలబడిన ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ మ్యాచ్ అంటే ఇవాళ్టికీ ఆ ఫొటోయే. నాకు మాత్రం ఆ 120 నిమిషాలే అసలు పాఠంగా కనిపిస్తాయి. గోల్ పడని ఆ రెండు గంటల్లో రెండు జట్ల రక్షణ శ్రేణుల శ్రమ ఉంది, చైనా ఆడవాళ్ళ శ్రమతో సహా. అమెరికా తరఫున రెండో కిక్ కొట్టి గోల్ చేసింది జాయ్. ఆ కిక్ ఎవరికి గుర్తుంది?

ఛాస్టైన్ కూడా డిఫెండరే. అదే టోర్నీ క్వార్టర్ ఫైనల్లో, జర్మనీ మీద, ఐదో నిమిషంలో పొరపాటున బంతిని తన జట్టు గోల్‌లోకే పంపింది. రెండో సగంలో తనే గోల్ కొట్టి స్కోరు సమం చేసింది. 66వ నిమిషంలో జాయ్ తలతో కొట్టిన గోల్ అమెరికాని 3-2తో గెలిపించింది. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుంటే ఒక సంగతి అర్థమవుతుంది. డిఫెండర్ కథలోకి రావాలంటే తప్పు చెయ్యాలి, లేదా తన పని కాని గోల్ కొట్టాలి, లేదా ఆమె ఒళ్ళు కనపడాలి. తన పని తాను చక్కగా చేసినంతసేపూ ఆమె గురించి చెప్పడానికి ఏమీ ఉండదు.

ఇది మనకు తెలియని తర్కమా? ఇంటి చాకిరీ ఆగినప్పుడే కంటికి కనిపిస్తుంది. కూరలో ఉప్పెక్కువైన రోజే వంట గురించి మాట వస్తుంది. పి. సత్యవతి "ఇల్లలకగానే" కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరచిపోయిన ఇల్లాలు గుర్తొస్తుంది. ఆ కథలో ఆమె పేరు ఆమెకు తిరిగి దొరికేది పాత స్నేహితురాలి పిలుపులో. జాయ్ తన పేరు మరచిపోలేదు. మరచిపోయింది ఆటను కథగా చెప్పేవాళ్ళు. మన కథన శాస్త్రమంతా "ఏం జరిగింది?" చుట్టూ తిరుగుతుంది. జరగనివ్వకపోవడం కూడా ఒక సంఘటనేనని మన విమర్శ ఇంకా నేర్చుకోవాలి.

పత్రికలు జాయ్‌కి ఇచ్చిన మరో గుర్తింపు "సాకర్ మామ్". పిల్లల్ని శిక్షణ శిబిరాలకు వెంటబెట్టుకెళ్ళే అమ్మ. ఈ మెచ్చుకోలుతో నాకు పేచీ ఉంది. తల్లయినా ఆడగలిగిన అద్భుత స్త్రీగా ఆమెను నిలబెట్టేస్తే, ఆ ఆట వెనకున్న బేరసారాలు మాయమైపోతాయి. 1995 చివర్లో, ఒలింపిక్స్‌లో బంగారం గెలిస్తేనే బోనస్ అన్న ఒప్పందం మీద సంతకం పెట్టనన్న తొమ్మిది మంది క్రీడాకారిణుల్లో జాయ్ ఒకతె. తల్లులైన ఆటగత్తెలకు పిల్లల్ని చూసుకునే ఆయాల ఖర్చు ఫెడరేషన్ భరించేలా జట్టు సాధించుకుంది. అది ఒక తల్లి ఓపిక కాదు, సమష్టి డిమాండ్. ఆ ఆయాల పేర్లు ఏ స్కోరు షీటులోనూ ఉండవు. డిఫెండర్ వెనక ఇంకో డిఫెండర్. నా థీసిస్ వెనక మా అమ్మా, మా ఇంట్లో పనిచేసిన మనిషీ ఉన్నట్టే. కృతజ్ఞతల పేజీలో అమ్మ పేరు రాశాను. రెండో ఆవిడ పేరు రాయలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది.

గెలుపులు ఎంతకాలం నిలిచాయి? 2001లో మొదలైన అమెరికా స్త్రీల వృత్తి లీగు, జాయ్ శాన్ డియేగో జట్టుకు ఆడినది, 2003 సెప్టెంబరులో ప్రపంచకప్పు ముంగిట ఆగిపోయింది. క్రీడాకారిణులకు కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, జీతంలో కనీసం మూడింట రెండు వంతులు అంటూ ఫిఫా నిబంధన తెచ్చింది 2021లో, జాయ్ తొలి కాన్పు అయిన 27 ఏళ్ళకు! ఆ నిబంధన వచ్చాక కూడా ఐస్‌లాండ్ క్రీడాకారిణి సారా బ్యోర్క్ గున్నార్స్‌దోత్తిర్ గర్భంతో ఉన్నప్పుడు తనకు రావలసిన జీతం కోసం లియాన్ క్లబ్బు మీద ఫిఫా ట్రిబ్యునల్‌కు వెళ్ళాల్సి వచ్చింది. 2022లో గెలిచింది.

ఇక్కడ నన్ను నేనే హెచ్చరించుకోవాలి. అదృశ్య శ్రమను పొగడబోయి మనం తెలియకుండానే "త్యాగం", "భూదేవంత సహనం" అనే పాత మాటల్లోకి జారిపోతాం. రక్షణ అంటే భరించడం కాదు. మ్యాచులు మళ్ళీ మళ్ళీ చూస్తే తెలుస్తుంది, డిఫెండర్ చేసేది ముందు చదవడం. బంతి ఉన్న కాలును కాదు, బంతి రాబోయే ఖాళీని చూస్తుంది. ఎదుటి మనిషిని లోపలికి రానివ్వకుండా అంచుకు నెడుతుంది. పక్కనున్న ముగ్గురితో కలిసి ఒకే గీతగా ముందుకీ వెనక్కీ కదులుతుంది. అవకాశం చూసుకుని దాడికీ పోతుంది. 1996 ఒలింపిక్ ఫైనల్లో చైనా మీద గెలుపు గోల్ టిఫనీ మిల్‌బ్రెట్‌ది. కానీ కుడి పక్క నుంచి పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ బంతిని అందించింది జాయ్. ఇది తెలివి, అభ్యాసం, వృత్తి. దీనికి కావలసింది పూజ కాదు. జీతం కావాలి, లెక్క కావాలి, పేరు కావాలి.

మొన్న ఆదివారం పాప మ్యాచ్‌కి ఒక నోటుబుక్ పట్టుకెళ్ళాను. అది ఆపిన బంతులు రాసుకుందామని. సగం ఆట దాటాక పెన్ను పక్కన పెట్టేశాను. అది ఉందని అటువైపు రాకుండానే పోయిన బంతుల్ని ఎలా రాయను? వాటిని రాయడానికి ఇంకో భాష కావాలి. విమర్శకులుగా మన పని అదేననుకుంటాను.

ఆ రాత్రి నా బయోడేటా తీసి, ఆ మూడేళ్ళ ఎదురుగా "పాపను పెంచాను, ఇల్లు నడిపాను" అని టైపు చేశాను. వచ్చే నెల మరో ఇంటర్వ్యూ ఉంది. ఆ గీత దగ్గర వేలు పెట్టి అడిగితే ఈసారి జవాబు చెబుతాను.