సహవాసం: బాన్‌హోఫర్ చిన్న పుస్తకం

తెలుగు క్రైస్తవులకు చర్చి అంటే 'సంఘం'. రాష్ట్రేతరాంధ్రులకు నలుగురూ కలిసే చోటు 'తెలుగు సంఘం'. మాట ఒకటే. ముంబయిలోనో బెంగళూరులోనో తెలుగు ఆరాధనకు వెళ్ళే కుటుంబానికి ఈ రెండు సంఘాలూ ఒకే ఆదివారం ఉదయం, ఒకే కప్పు కింద దొరుకుతాయి. పిల్లలు అక్కడే నాలుగు తెలుగు మాటలు వింటారు. సంబంధాలు అక్కడే కుదురుతాయి. జబ్బు చేస్తే వంతులవారీగా ఆసుపత్రికి వచ్చేదీ అక్కడివాళ్ళే. ఈ కలగలుపులో దేవుడి పాలెంత, మన అవసరం పాలెంత? జర్మన్ మతాచార్యుడు డీట్రిచ్ బాన్‌హోఫర్ రాసిన చిన్న పుస్తకం చదువుతుంటే ఈ ప్రశ్న వదలదు. 1939లో జర్మన్‌లో వెలువడిన ఆ పుస్తకాన్ని 1954లో ఇంగ్లీషులోకి తెచ్చిన అనువాదకుడు 'లైఫ్ టుగెదర్' అన్నాడు. మనకు రెండు మాటలు అక్కర్లేదు, 'సహవాసం' అంటే చాలు.

పుస్తకం పుట్టిన వేళ చెప్పుకోకపోతే దాని బరువు తెలియదు. హిట్లర్ పాలనలో జర్మన్ ప్రొటెస్టెంటు చర్చిలో పెద్ద భాగం ప్రభుత్వానికి తలవంచింది. యూదు సంతతివారిని చర్చి పదవుల నుంచి తప్పించే నిబంధన 1933లోనే వచ్చింది. దాన్ని ఎదిరించినవారు వేరుగా 'కన్ఫెసింగ్ చర్చి'గా ఏర్పడ్డారు. ఆ పక్షాన కాబోయే పాదిరీలకు శిక్షణ ఇవ్వడానికి 1935లో బాన్‌హోఫర్ మొదట బాల్టిక్ తీరాన జింగ్‌స్ట్‌లో, తర్వాత స్టెటిన్ దగ్గర ఫింకెన్‌వాల్డెలో ఒక పాఠశాల నడిపాడు. 1937లో గెస్టపో దాన్ని మూసేసింది. మరుసటి ఏడు గట్టింగెన్‌లో తన కవల సోదరి ఖాళీ చేసి వెళ్ళిన ఇంట్లో కూర్చుని నెలరోజుల్లో ఈ పుస్తకం రాశాడు. ఆమె భర్త యూదు సంతతివాడు, ఆ కుటుంబం దేశం విడిచి ఇంగ్లండు చేరింది.

ఆశ్చర్యం ఏమిటంటే ఇందులో ఒక్కటీ పుస్తకంలో కనిపించదు. పొద్దుటి ప్రార్థన, కీర్తనల పఠనం, భోజనం, పని, మౌనం, ఒకరి ముందు ఒకరు పాపం ఒప్పుకోవడం, బల్లారాధన, ఇదే విషయం. చివరికి పాట ఎలా పాడాలో కూడా చెబుతాడు. అందరూ ఒకే వరసలో పాడాలట, గొంతు చూపించుకోవడానికి వేరే శ్రుతి ఎత్తుకునేవాళ్ళంటే ఆయనకు గిట్టదు. (మన సంఘాల్లో హార్మోనియం చుట్టూ చేరి అందరూ ఒక్క వరసలో పాడే పాట వింటే సంతోషించేవాడేమో!) కాలాన్ని ఇలా పక్కన పెట్టడం వల్ల పుస్తకం ఎక్కడివాళ్ళకైనా అందుతుంది. నష్టం కూడా ఉంది. తెలియని పాఠకుడు దీన్ని ప్రశాంతంగా రాసుకున్న భక్తి పుస్తకమనుకుంటాడు.

నిజానికి ఇది పరుషమైన పుస్తకం. సంఘం ఇలా ఉండాలని మనసులో ఒక బొమ్మ గీసుకుని వచ్చేవాడే సంఘాన్ని చెడగొడతాడంటాడు బాన్‌హోఫర్. ఆ బొమ్మకు సరిపోని మనుషుల మీద ముందు తీర్పరి అవుతాడు, తర్వాత దేవుడి మీద, ఆఖరికి తన మీద. కాబట్టి ఆ కల ఎంత త్వరగా పగిలితే అంత మంచిది. పక్కనున్నవాడు మనం ఎంచుకున్నవాడు కాదు, ఇవ్వబడినవాడు. ఓదార్పు కోసం సహవాసంలోకి పరుగెత్తేవాళ్ళను ఆయన నమ్మడు, ఒంటరిగా ఉండలేనివాడు నలుగురిలోనూ జాగ్రత్తగా ఉండాలంటాడు. 'ఒకరికొకరం' అని వేదికల మీద చెప్పేవాళ్ళకు ఇది చేదు మందు.

సేవ గురించిన అధ్యాయం నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. మొదటి సేవ ఏమిటో తెలుసా? నోరు కట్టుకోవడం. తర్వాత వినడం, చేతిసాయం, భరించడం. వాక్యం చెప్పడం వీటన్నిటి తర్వాతే. ఫింకెన్‌వాల్డెలో ఎదుట లేని మనిషిని గురించి మాట్లాడకూడదని నియమం ఉండేది. మాట జారితే ఆ సంగతి అతనికే చెప్పాలి. నలభై ఇళ్ళ తెలుగు సంఘంలో ఈ ఒక్క నియమం ఒక్క నెల నిలుస్తుందా? జింగ్‌స్ట్‌లో ఒకసారి వంటింట్లో సాయానికి రమ్మంటే విద్యార్థులెవరూ వెంటనే లేవలేదట. బాన్‌హోఫర్ మాట్లాడకుండా లేచి వెళ్ళి, లోపల గడియ పెట్టుకుని గిన్నెలన్నీ తానే కడిగాడు. దీన్ని రాసింది ఆయన శిష్యుడూ జీవితచరిత్రకారుడూ అయిన బెథ్గె.

లోటు కూడా ఆ వంటింటి దగ్గరే ఉంది. పుస్తకంలోని సహవాసం పెళ్ళికాని యువకుల హాస్టలును పోలి ఉంటుంది. కుటుంబం అన్న మాట వస్తుంది గానీ చంటిపిల్ల ఏడుపు వినిపించదు. పొద్దున్నే అరగంట ధ్యానం చేయమంటే ఐదింటికి నీళ్ళ కోసం వరసలో నిలబడే తల్లి ఏం చేయాలి? మనకు మరో చిక్కుంది. బలహీనుణ్ణి, పనికిరాడనుకున్నవాణ్ణి బయట పెట్టడం క్రీస్తునే బయట పెట్టడం కావచ్చునని ఆయన అంటాడు. యూదు క్రైస్తవులను మనసులో పెట్టుకున్నాడని ఊహించవచ్చు, కానీ పేరు పెట్టి చెప్పడు. కులాన్నిబట్టి శ్మశానాలు వేరైన చర్చిలున్న దేశంలో పేరు పెట్టకపోతే వాక్యం ఎవరికీ తగలదు.

ఇక మొదటి ప్రశ్న. మనుషుల సహజమైన మమతను, క్రీస్తు మధ్యవర్తిగా ఉన్న ప్రేమను ఆయన కత్తితో కోసినట్టు విడదీస్తాడు. ఆ లెక్కన భాష కోసం చర్చికి వచ్చేవాడు తప్పు దారిన వచ్చినవాడే. ఇక్కడ ఆయనతో నేను ఏకీభవించలేను. తెలుగు వినిపిస్తుందని వచ్చినవాడు పక్కింటి జబ్బుమనిషికి గంజి మోసుకెళుతూ సహవాసం నేర్చుకుంటాడు. అయితే ఆయన హెచ్చరికలో సగం మనకు తగులుతుంది. తెలుగు రాని కోడలు, స్థానిక భాషలో ప్రార్థించే అల్లుడు ఆ సంఘంలో వెనక బెంచీలోనే మిగిలిపోతే అది ఏ సంఘం?

పుస్తకం ఆరంభంలోనే దీనికి ఒక ఆధారం ఉంది. విశ్వాసులు కలిసి ఉండటం హక్కు కాదు, కృప అంటాడు; రోగులు, ఖైదీలు, దూరదేశాల్లో ఉన్నవాళ్ళు ఒంటరివాళ్ళేనని గుర్తు చేస్తాడు. జెకర్యా గ్రంథాన్ని తలచుకుని, చెదిరిపోవడాన్ని విత్తనం చల్లినట్టుగా చూస్తాడు. పాఠశాల మూతపడ్డాక పాత విద్యార్థులకు ఆయన ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. 1943 ఏప్రిల్‌లో అరెస్టయ్యాక టెగెల్ జైలు గది నుంచి బెథ్గెకు రాసినవి 1951లో పుస్తకంగా వచ్చాయి. 1945 ఏప్రిల్ 9న ఫ్లాసెన్‌బర్గ్‌లో ఉరి తీసేదాకా ఆయనకు మిగిలిన సహవాసంలో ఎక్కువ భాగం కాగితం మీదిదే. 'సహవాసం' చదివినవారు ఆ ఉత్తరాలు కూడా చదవాలి. ఇక్కడ కనిపించని కాలమూ, స్నేహితుడి కోసం బెంగపడే మనిషీ అక్కడ ఉన్నారు.