హోసూరు స్కూటరు: పెట్టెలోపలి పనితనం

వాతావరణ సభల్లో 'జీరో కార్బన్' ఎంత ఘనంగా వినిపించినా, అది ఏదో ఒక వస్తువై మన వాకిట్లో నిలబడితే గాని దానికి విలువ రాదు. 2070 నాటికి నెట్ జీరో చేరతామని 2021 నవంబరులో గ్లాస్గోలో మన దేశం మాట ఇచ్చింది. ఆ మాట చక్రాలు తొడుక్కుని తిరుగుతున్న చోటు తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా. 1980లో ఇద్దరు కూర్చునే మోపెడ్ టీవీఎస్ 50ని హోసూరు నుంచి దేశం మీదికి వదిలిన టీవీఎస్, 2020 జనవరిలో ఐక్యూబ్ అనే కరెంటు స్కూటరు తెచ్చింది. ఏథర్ ఎనర్జీ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉన్న తయారీని 2021 మొదట్లో హోసూరుకు మార్చింది. ఓలా ఇదే జిల్లాలో పోచంపల్లి దగ్గర అయిదు వందల ఎకరాల్లో ఫ్యాక్టరీ పెట్టింది. తళి, డెంకణికోట, అంచెట్టి వైపు తెలుగు ఊళ్లకు ఇవన్నీ ఇరుగుపొరుగే.

ఈ ముగ్గురిలో ఏథర్ బండిని, అందులోనూ 2022 జులైలో వచ్చిన మూడో తరం 450ఎక్స్‌ను విప్పి చూడటం ఈ వ్యాసం పని. అమ్మకాల్లో ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క ఇక్కడ అక్కర్లేదు. ఈ బండిని ఎంచుకోవడానికి కారణం, దాని పనితనంలో ఎక్కువ భాగం కొనేవాడి కంటికి ఆనని చోట ఉండటమే.

కంపెనీ పుట్టుకలోనే ఆ లక్షణం ఉంది. ఐఐటీ మద్రాసులో ఇంజనీరింగ్ డిజైన్ చదివిన తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ 2013లో ఏథర్‌ను మొదలుపెట్టారు. స్కూటరు చేద్దామని వాళ్లు బయల్దేరలేదు. బ్యాటరీ ప్యాక్ చేసి స్కూటర్ల కంపెనీలకు అమ్ముదామనుకున్నారు. అప్పటి కరెంటు స్కూటర్లలో ఎక్కువ వాటికి లెడ్ యాసిడ్ బ్యాటరీలు, గంటకు పాతిక కిలోమీటర్ల వేగం. మంచి బ్యాటరీ చేసినా పెట్టడానికి తగ్గ బండి లేదు. దాంతో బండి కూడా తామే చేయాల్సి వచ్చింది. 2016 ఫిబ్రవరిలో నమూనా చూపించారు. బండి కొన్నవాళ్ల చేతికి వచ్చింది 2018లో. అయిదేళ్ల పాటు అమ్మకం లేకుండా పని చేసుకుంటూ కూర్చోవడం మన వ్యాపార రంగంలో అరుదు.

ఇక పెట్టె సంగతి. కాళ్లు పెట్టుకునే పలక కింద అల్యూమినియం పోతపెట్టె ఉంటుంది. అందులోవి 21700 రకం లిథియం అయాన్ సెల్స్: 21 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు. ఇలాంటి సెల్ ఒక్కోటి సుమారు 18 వాట్ అవర్లు దాచుకుంటుంది. ప్యాక్ మొత్తం 3.7 కిలోవాట్ అవర్లు. భాగించి చూస్తే రెండు వందల పైచిలుకు సెల్స్ అవుతాయి. వాటన్నిటినీ ఒకే శరీరంలా నడపడమే అసలు విద్య. ఒక సెల్ కాస్త నీరసంగా ఉంటే దాని జట్టులోని మిగతావి ఆ బరువు మోస్తాయి, వేడెక్కుతాయి, తొందరగా ముసలివవుతాయి. కాడెడ్లలో ఒకటి కుంటిదైతే రెండోదీ అరిగిపోయినట్టే. అందుకే ప్యాక్ కట్టే ముందే సెల్స్‌ను కొలిచి, ఒకే తీరుగా ఉన్నవాటిని ఒక జట్టుగా వేయాలి.

ఆ తర్వాత అతుకు. ప్రతి సెల్‌కూ రెండు ధ్రువాలు, రెండు అతుకులు. అంటే ఒక్క పెట్టెలో నాలుగు వందలకు తగ్గకుండా అతుకులుంటాయి. ఈ పరిశ్రమలో కొందరు లేజర్ వెల్డింగ్ చేస్తారు, కొందరు సన్నని అల్యూమినియం తీగను అల్ట్రాసోనిక్ ప్రకంపనలతో అంటిస్తారు. ఏ పద్ధతి అయినా పరీక్ష ఒకటే: మన రోడ్ల మీది గతుకులకు ఏళ్ల తరబడి అదిరినా అతుకు వదలకూడదు. వదిలే అతుకు ముందు నిరోధం పెంచుతుంది, నిరోధం వేడి పుట్టిస్తుంది, వేడి పక్క సెల్‌కు పాకుతుంది. పెట్టెకు అల్యూమినియం ఎంచుకోవడంలోనూ ఈ లెక్కే ఉంది. ఆ వేడిని గోడలు లాక్కుని కింద వీచే గాలికి వదిలేస్తాయి. మూత చుట్టూ ఉండే రబ్బరు సీలుకు ఐపీ67 ప్రమాణం. అంటే దుమ్ము చొరకూడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ముంచినా చుక్క దిగకూడదు. వాన కురిసిన రాత్రి రోడ్డు మీద నిలిచిన నీళ్లలోంచి బండి తోలేవాడు ఈ రబ్బరు పట్టీని ఎన్నడూ చూడడు. కానీ ఆ రాత్రి అతను ఇంటికి చేరేది దాని చలవతోనే.

పెట్టెలో తెలివంతా బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) అనే సర్క్యూట్ బోర్డుది. వరుసలోని ప్రతి జట్టు వోల్టేజీని, అక్కడక్కడ ఉష్ణోగ్రతను అది నిరంతరం చూస్తూ ఉంటుంది. సెల్ 4.2 వోల్టుల దరిదాపుల్లోకి వస్తే ఛార్జింగ్ ఆపాలి. మరీ దిగజారితే మోటారుకు ఇచ్చే కరెంటు కొయ్యాలి. ఒక జట్టు ముందు నిండిపోతే దాన్ని ఆపి వెనకబడ్డవాటిని సరితూచాలి. మామూలు ఫోనులో సెల్ పాడైతే ఫోను మారుస్తాం. ఇక్కడ రెండు వందల సెల్స్‌ను ఏళ్ల పాటు ఒకే వయసులో ఉంచాలి. ఏథర్ ఈ బోర్డునూ, దాని సాఫ్ట్‌వేర్‌నూ సొంతంగా తయారుచేసుకుంది. బండిలో అన్నిటికన్నా మెచ్చుకోవలసిన నిర్ణయం ఇదే అనిపిస్తుంది.

మోటారు విషయంలో హోసూరులోనే రెండు దారులు కనిపిస్తాయి. టీవీఎస్ ఐక్యూబ్‌లో మోటారు వెనక చక్రం మధ్యలోనే కూర్చుంటుంది. బెల్టు లేదు, గేర్లు లేవు, చప్పుడు లేదు. సంసారపక్షంగా తిరిగే బండికి చక్కని సాదాతనం. ఏథర్‌లో మోటారు ఫ్రేముకు బిగించి ఉంటుంది, పళ్ల బెల్టు చక్రాన్ని తిప్పుతుంది. బెల్టును చూసుకోవాల్సిన పని ఒకటి పెరుగుతుంది. బదులుగా మోటారు బరువు చక్రం మీద పడదు, కాబట్టి గతుకుల్లో చక్రం తేలిగ్గా లేచి దిగుతుంది. రెండూ మంచి పనులే. తయారుచేసేవాడు ఏ సుఖం కోసం ఏది వదులుకున్నాడో చూడటంలోనే చదువరికి రుచి ఉంది.

దీనికి సరైన పరీక్ష అంచెట్టి దారి. హోసూరు నుంచి డెంకణికోట మీదుగా అంచెట్టి యాభై కిలోమీటర్ల పైమాట. డెంకణికోట దాటాక అడవి, మలుపులు, ఘాట్ దిగుడు. ఏనుగులు తిరిగే తావు. బండి, ఇద్దరు మనుషులు కలిసి 250 కిలోలు అనుకుంటే, వంద మీటర్ల ఎత్తు ఎక్కడానికి సుమారు 70 వాట్ అవర్లు కావాలి. చదును నేల మీద రెండు కిలోమీటర్లు పోయే శక్తి అది. దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి అందులో కొంత తిరిగి బ్యాటరీలో వేస్తుంది. పెట్రోలు బండి మీద ఘాట్ దిగేవాడు ఆ శక్తినంతా బ్రేకుల వేడిగా గాలిలో కలిపేస్తాడు.

ఏథర్ నిజాయితీ కూడా పనితనంలో భాగంగానే చూడాలి. ప్రయోగశాల పరీక్షలో ఈ బండికి వచ్చిన దూరం 146 కిలోమీటర్లు. కంపెనీ దాని పక్కనే 'ట్రూ రేంజ్' అని 105 కిలోమీటర్లు కూడా చెప్పింది. మార్కెట్లో పెద్ద అంకె చెప్పినవాడికే గిరాకీ ఉన్న రోజుల్లో చిన్న అంకె చెప్పడానికి ధైర్యం కావాలి. అంచెట్టికి పోయివచ్చేవాడికి పనికొచ్చేది ఆ చిన్న అంకె. పోనూరానూ వంద దాటుతుంది కాబట్టి అక్కడ బంధువుల ఇంట్లో రెండు గంటలు ప్లగ్గు పెట్టుకోవాలని ముందే తెలుస్తుంది. ఆ రెండు గంటలకు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు భరోసా దొరుకుతుంది.

ప్లగ్గు కథా చెప్పుకోవాల్సిందే. ఒక్కో కంపెనీకి ఒక్కో ఛార్జింగ్ కనెక్టరు ఉంటే రోడ్డు పక్కన ఎన్ని ఛార్జర్లు పెట్టినా చాలవు. ఏథర్ తాను తయారుచేసిన కనెక్టరును మిగతా కంపెనీలు కూడా వాడుకోవచ్చని తెరిచి పెట్టింది. 2023లో భారత ప్రమాణాల సంస్థ దాన్ని తేలికపాటి వాహనాల ప్రమాణంగా ఆమోదించింది. హీరో వీడా స్కూటర్లు అదే వాడుతున్నాయి. సొంత ఆస్తిని ఉమ్మడి బావిగా వదలడంలో త్యాగంతో పాటు లాభమూ ఉంది. అందరి ఛార్జర్లూ అందరికీ పనికొస్తే బండి కొనే జంకు తగ్గుతుంది.

ఇక విధానాల వైపు. కేంద్రం 2019 ఏప్రిల్‌లో ఫేమ్-2 పథకాన్ని 10,000 కోట్లతో మొదలుపెట్టింది. స్కూటర్ల రాయితీ మొదట కిలోవాట్ అవర్‌కు 10,000 రూపాయలు. 2021లో 15,000కు పెరిగి, 2023 జూన్‌లో మళ్లీ 10,000కు దిగింది. డబ్బు అమ్మకాలను పెంచింది గాని పనితనాన్ని పెంచలేదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ నిజామాబాద్‌లోనూ స్కూటర్ల బ్యాటరీలు ఇళ్లలో పేలి మనుషులు చనిపోయారు. ఆ రోజుల్లోనే కేంద్రం నిపుణుల సంఘాన్ని వేసింది. దానికి అధ్యక్షుడు హైదరాబాద్ ఏఆర్‌సీఐ సంస్థకు అప్పటి డైరెక్టరు తాతా నరసింగరావు. సంఘం సూచనలు ఏఐఎస్ 156 ప్రమాణంలో చేరి, 2022 డిసెంబరు 1న ఒక విడత, 2023 మార్చి 31న మరో విడతగా అమలయ్యాయి. సెల్‌కూ సెల్‌కూ మధ్య తగినంత ఎడం, లోపల పుట్టిన వాయువు పోయే దారి, మైక్రోప్రాసెసర్ ఉన్న బీఎంఎస్, ఒక సెల్ అంటుకున్నా ప్యాక్ అంతా రగలకుండా తట్టుకునే పరీక్ష. మంచి పనివాడు తనంతట తాను చేసేది చట్టం అందరి చేతా చేయించింది. మన గాలిని బాగుచేసే విధానాల్లో రాయితీ కన్నా ఈ నాలుగు షరతులే ఎక్కువ కాలం నిలిచే మేలు.

ఇంతకీ కార్బన్ తగ్గుతుందా? లెక్క వేద్దాం. 3.7 కిలోవాట్ అవర్లతో 105 కిలోమీటర్లు అంటే కిలోమీటరుకు 35 వాట్ అవర్లు. ఛార్జింగ్ నష్టాలు కలిపి 40 అనుకుందాం. మన గ్రిడ్‌లో ఎక్కువ కరెంటు ఇప్పటికీ బొగ్గుదే, యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అంటే కిలోమీటరుకు 28 గ్రాములు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోలు. 45 కిలోమీటర్ల మైలేజీ ఇచ్చే స్కూటరుకు అది కిలోమీటరుకు 51 గ్రాములు. మిగులు 23 గ్రాములు. బ్యాటరీ తయారీకే కిలోవాట్ అవర్‌కు వంద కిలోల కార్బన్ వదిలారనుకున్నా ఈ ప్యాక్ నెత్తిన 370 కిలోల అప్పు. అది తీరడానికి 16,000 కిలోమీటర్లు తిరగాలి, రోజుకు నలభై తిరిగేవాడికి ఏడాది పైన. ఆ తర్వాతే లాభం మొదలు.

ఇక్కడే పెట్టెలోపలి పనితనం కార్బన్ లెక్కలోకి వస్తుంది. రెండేళ్లకే చచ్చే బ్యాటరీ గాలికి చేసే మేలు అంతంత మాత్రం. 80,000 కిలోమీటర్లు నడిచే బ్యాటరీ అప్పు పోను దాదాపు ఒకటిన్నర టన్నులు మిగులుస్తుంది. ఎనిమిదేళ్లు లేదా 80,000 కిలోమీటర్ల దాకా సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గదని ఏథర్ అదనపు రుసుము తీసుకుని పూచీ ఇస్తోంది. అతుకు గట్టిగా ఉండటం, సీలు బిగుతుగా ఉండటం, బోర్డు చాదస్తంగా కొలవడం, ఇవే ఆ ఒకటిన్నర టన్నులు.

లోపాలు లేకపోలేదు. సెల్స్ విదేశాల నుంచి వస్తున్నాయి. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా కడుతున్న సెల్ ఫ్యాక్టరీ, కృష్ణగిరిలోనే ఓలా సెల్ ఫ్యాక్టరీ ఆ లోటు పూడ్చడానికి చేస్తున్న ప్రయత్నాలు. ధర మామూలు పెట్రోలు స్కూటరు కన్నా ఎక్కువ. అన్నిటికన్నా పెద్ద చిక్కు, బండిని రాత్రిపూట ఛార్జింగ్ పెడతాం, సూర్యుడి కరెంటేమో పగలు వస్తుంది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో గ్రీన్‌కో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ లాంటివి పగటి కరెంటుతో నీటిని పైకెత్తి, అవసరమైన వేళ దించి కరెంటు తీస్తాయి. అలాంటివి పెరిగిన కొద్దీ ఆ 28 గ్రాములు సున్నా వైపు దిగుతాయి. బండిలో ఒక్క మర కూడా మార్చక్కర్లేదు.

కాబట్టి కరెంటు స్కూటరు కొనేవాళ్లు షోరూములో రంగు, తెర, టాప్ స్పీడు చూశాక మూడు ప్రశ్నలు తప్పక అడగండి. బ్యాటరీ పెట్టెకు ఐపీ67 ఉందా? నిజంగా రోడ్డు మీద వచ్చే దూరం ఎంత? ఎనిమిదో ఏట బ్యాటరీలో ఎంత మిగులుతుందని కాగితం మీద రాసిస్తారు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే బండిని తీసుకోండి, అది ఏ కంపెనీదైనా సరే.