ఫోటో సాఫ్ట్‌వేరు ఆగిపోయినపుడు

ఛాయాచిత్రములను అమర్చి ఉంచు సాఫ్ట్‌వేరులపై వచ్చు సమీక్షలలో ఒక లోపము తరచుగా కనబడుచున్నది. రంగులు ఎంత చక్కగా దిద్దును, ముఖములను ఎంత బాగుగా గుర్తుపట్టును, ఎంత వేగముగా వెదకును అని సమీక్షకులు తూచుదురు. అది నడుమ ఆగిపోయిన నాడు మన శ్రమ ఎచట మిగులునని అడుగువారు అరుదు. నా దృష్టిలో మొదట అడుగవలసినది అదియే.

ఈ సంగతి నాకు హార్స్లీ హిల్స్ మూలమున తెలిసినది. మదనపల్లెకు సమీపమున నున్న ఈ కొండను పూర్వము ఏనుగు మల్లమ్మ కొండ అనెడివారు. కడప కలెక్టరు హార్స్లీ అచట ఇల్లు కట్టుకొన్న పిదప నేటి పేరు వాడుకలోనికి వచ్చినది. సముద్రమట్టమునకు 1200 మీటర్లకు పైబడిన ఎత్తు. మనుష్యులు నాటిన యూకలిప్టసు, జకరండా చెట్ల నడుమ కొండకు సహజమైన పొదలు, బండల సందులలో బ్రతుకు మొక్కలు ఉన్నవి. దక్షిణభారతపు రాతికొండలకే పరిమితమైన పసుపు గొంతు పిగిలిపిట్ట ఇచట కనబడును. విద్యార్థులతో మూడేండ్లపాటు ఈ కొండ చుట్టును తిరిగి సుమారు 4000 ఫోటోలు తీసితిమి. మొక్కల ఫోటోలకు క్రింది పల్లెలలోని పెద్దలు చెప్పిన తెలుగు పేర్లు చేర్చితిమి. తీసిన చోటు, తేది తెలియనిచో పిట్ట ఫోటో అందమైన బొమ్మయే గాని శాస్త్రమునకు ఆధారము కాదు.

ఒకనాడు మా సాఫ్ట్‌వేరు తెరచిన అర నిమిషమునకే మూతపడసాగినది. (దాని పేరు చెప్పను, ఈ దోషము దానికొక్కదానికే లేదు.) తెలిసినవారెల్లరు ఒకే సలహా ఇచ్చిరి: తీసివేసి మరల ఎక్కించుము. ఇది నాడి చూడకయే మందిచ్చుట. సాఫ్ట్‌వేరును తీసివేసినను దాని డేటాబేసు సాధారణముగా డిస్కుమీద అట్లే యుండును. రోగము అందులోనో ఫోటోలలోనో ఉన్నచో మరల ఎక్కించినంత మాత్రమున పోదు.

ముందుగా చూడవలసినది ఒకటి కలదు. ప్రతిసారి ఒకే చోట ఆగుచున్నదా, లేక ఒకసారి ఇచట, ఒకసారి అచట ఆగుచున్నదా? చోటు మారుచున్నచో మెమరీ చాలకపోవుట, మెమరీ చిప్పు చెడుట, కంప్యూటరు వేడెక్కుట, గ్రాఫిక్సు డ్రైవరు పాతబడుట మున్నగు వానిని అనుమానింపవలెను. మెమరీ విషయమున ఒక చిన్న లెక్క చేసి చూడుడు. 24 మెగాపిక్సెళ్ల ఫోటో డిస్కుమీద 8 మెగాబైట్లే కావచ్చును. కాని తెరచినపుడు 2 కోట్ల 40 లక్షల బిందువులకు ఒక్కొక్కదానికి 3 బైట్ల చొప్పున 7 కోట్ల 20 లక్షల బైట్లు కావలెను. గాలిబండమీద నిలిచి పది ఫోటోలు తీసి ఒకటిగా అతికించినచో ఆ ఒక్క చిత్రమే ఎంత మ్రింగునో ఊహింపవచ్చును.

ఎల్లప్పుడు ఒకే చోట ఆగుచున్నచో చెడిన ఫైలొకటి ఉన్నదని అనుమానము. దానిని పట్టుటకు 4000 ఫోటోలను ఒక్కొక్కటిగా తెరువ నక్కరలేదు. వాని నకళ్లను రెండు సగములుగా చేసి, ఒక సగమును క్రొత్త ఖాళీ కేటలాగులో ఎక్కించుడు. అది నిలిచినచో దోషము రెండవ సగములో ఉన్నది. దోషమున్న సగమును మరల సగము చేయుడు. 2ను 2 చేత హెచ్చించుచు 12 రెండ్లు చేర్చినచో 4096 వచ్చును గనుక 12 పరీక్షలలో దొంగ దొరకును. రెండు సగములును కూలినచో దొంగలు ఇద్దరని అర్థము. అపుడు ఓపిక కొంత హెచ్చుగా కావలెను.

మాకు దొరికినది క్రింది సగము బూడిదరంగుగా నున్న ఒక ఫోటో. కొండమీద వాన వచ్చుచుండగా, కంప్యూటరులోనికి నకలు పూర్తికాక మునుపే కార్డు లాగిన ఫలితమది. జేపెగ్ ఫైలు ఎఫ్‌ఎఫ్ డీ8 అను గుర్తుతో మొదలై ఎఫ్‌ఎఫ్ డీ9 అను గుర్తుతో ముగియవలెను. ఇందులో ముగింపు గుర్తు లేదు. ఫైలు చెడుట మా తప్పే. కాని చెడిన ఫైలును దాటి, దాని పేరు చెప్పి ముందుకు సాగవలసిన ప్రోగ్రాము తానే కూలుట మాత్రము దానిని వ్రాసినవారి తప్పు.

ఈ పరీక్షకు ముందే నేను పెద్ద పొరపాటు చేసియుంటిని. ఎవరో చెప్పగా డేటాబేసును చెరిపివేసితిని. తేదులు తిరిగి వచ్చినవి. ఏలయన వానిని కెమెరాయే ఎగ్జిఫ్ అను పద్ధతిలో ఫోటో ఫైలులో వ్రాయును. ఈ పద్ధతి 1995 నుండి ఉన్నది. మేము చేర్చిన తెలుగు పేర్లు మాత్రము రాలేదు. అవి డేటాబేసులో తప్ప మరెచటను లేవు. మరల పల్లెలకు పోయి అడిగితిమి. నాలుగు మొక్కల పేర్లు చెప్పిన పెద్దాయన అప్పటికి లేరు.

డేటాబేసును చెరుపుట మొదటి చికిత్స కారాదు. ఇట్టి సాఫ్ట్‌వేరులలో పెక్కు వాడునది 2000లో రిచర్డ్ హిప్ రచించిన ఎస్‌క్యూలైట్. వ్రాయుచుండగా విద్యుత్తు పోయినను పాతస్థితికి తిరుగుటకు అది వేరొక చిట్టా ఉంచుకొనును. కావున డేటాబేసు తరచుగా మనము భయపడినంత చెడియుండదు. ప్రోగ్రామును మూసి, ఆ ఫైలుకు నకలు తీసి, అసలును వేరొక పేరుతో ప్రక్కన పెట్టినచో ఏ పరీక్షయైనను నిర్భయముగా చేయవచ్చును.

ఇక నేను మొదట అడిగిన ప్రశ్నను రెండు ప్రసిద్ధ సాఫ్ట్‌వేరులకు వేసి చూతము. పికాసాను గూగుల్ 2004లో కొని 2016లో నిలిపివేసినది. అయినను అది జేపెగ్ ఫోటోలకు మనము చేర్చిన వ్యాఖ్యలను ఆ ఫైళ్లలోనే వ్రాసెడిది. అందుచేత పికాసా పోయినను ఆ వ్యాఖ్యలను ఇతర సాఫ్ట్‌వేరులు నేటికిని చదువగలవు. ఆల్బముల కూర్పు మాత్రము దాని సొంత లెక్కలలో ఉండి దానితోనే పోయినది. ఆర్భాటము తక్కువైన ఆ ప్రోగ్రామునకు ఈ ఒక్క విషయమున నేను హెచ్చు మార్కులే వేయుదును.

2001లో మొదలైన డిజికామ్ ఉచితము. దాని మూలము ఎవరైనను చదువవచ్చును. చిన్న బొమ్మలకు వేరు డేటాబేసు ఉంచుట దాని మంచి ఏర్పాటు. అది చెడినచో చెరిపివేసినను ఫోటోల నుండి మరల తయారగును, పేర్లు పోవు. పేర్లను ఫోటోలోనే వ్రాయవచ్చును. లేదా ఫోటోను ముట్టక ప్రక్కన ఎక్స్ఎంపీ అను చిన్న ఫైలులో వ్రాయవచ్చును. మెనూలు మాత్రము సంతలోని అంగళ్లవలె కిక్కిరిసియున్నవి. అంతకన్న పెద్ద ఆక్షేపణ మరొకటి కలదు. పేర్లను ఫైళ్లలో వ్రాయవలెనా అని అది మొట్టమొదట తెరచినపుడే అడుగును. అప్పటికి మన చేత పోగొట్టుకొనుటకు ఏమియు ఉండదు. క్రొత్తవాడు చదువకయే తరువాతి పుటకు పోవును. ప్రశ్న మంచిది, అడుగు సమయము మంచిది కాదు. నూరు ఫోటోలకు పేర్లు పెట్టిన పిదప మరల ఒకసారి అడిగినచో ఎందరి శ్రమయో మిగిలియుండును. అట్లు దాటిపోయినవారు ఇప్పుడైనను సెట్టింగులలో దానిని మార్చి, డేటాబేసులోని పేర్లను ఫైళ్లకు ఎక్కించు ఆజ్ఞను ఒకసారి నడుపవచ్చును. ఫోటోలు వేలకొలది ఉన్నచో రాత్రి నడుపుట మేలు.