మడ్గార్డు మర్యాద

ఇంగ్లండు అంటే వానల దేశమని మనకో గట్టి నమ్మకం. లెక్క చూస్తే కథ వేరేగా ఉంటుంది. లండన్‌లో ఏడాది మొత్తానికి పడే వాన 600 మిల్లీమీటర్ల చిల్లర. హైదరాబాదులో 800 పైమాటే. వానకు పేరుమోసిన మాంచెస్టరు కూడా హైదరాబాదుకి అటూ ఇటూగా సమానం. తేడా అంతా కురిసే తీరులో ఉంది. మన దగ్గర యాభై రోజుల్లో కుండపోతగా తేల్చేసే పనిని మాంచెస్టరు ఆకాశం 150 రోజులు సాగదీస్తుంది. తుంపర, జల్లు, ముసురు, మళ్ళీ తుంపర. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ ముసురుకి నాలుగైదు డిగ్రీల చలి తోడవుతుంది. పొద్దు సంగతి చెప్పనే అక్కర్లేదు. డిసెంబరు మూడో వారంలో లండన్‌లో ఎనిమిది దాటాక సూర్యుడు లేస్తాడు, నాలుగు కొట్టకముందే దిగిపోతాడు. పనికి పోయేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే.

ఫిన్లాండులో మంచు మీద సైకిలు తొక్కేవాళ్ళ ఫొటోలు చూసి ముక్కున వేలేసుకుంటాం గానీ, నన్నడిగితే అంతకంటే మొండి కాలం ఇంగ్లండుదే. పొడి చలికి ఉన్ని బట్టలు సమాధానం చెబుతాయి. తడి చలి అలా వదలదు. నీరు గాలికంటే పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. మైనస్ ఐదు డిగ్రీల పొడి చలిలో హాయిగా తొక్కినవాడు, ప్లస్ ఐదు డిగ్రీల ముసురులో బట్టలు తడిశాయంటే గంటకే పళ్ళు టకటకలాడిస్తాడు. అందుకే అక్కడి పాత కాపులు చలిని పెద్దగా లెక్కచేయరు. వాళ్ళ తిప్పలన్నీ నీటితోనే. యంత్రానికీ ఒంటికీ నీటిని ఎడంగా ఉంచడమే నూరేళ్ళకు పైగా వాళ్ళు తరం నుంచి తరానికి అందిస్తూ వచ్చిన విద్య.

ఆ విద్యలో సగం మనకు తెలియకుండానే మన వీధిలోకి వచ్చింది. 1949లో మద్రాసులో పెట్టిన టీఐ సైకిల్స్ బర్మింగ్‌హామ్ హెర్క్యులెస్‌ని, ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ కంపెనీ నాటింగ్‌హామ్ రాలీని ఇక్కడే తయారుచేశాయి. పాలాయన, పోస్టుమాను, బడిపంతులు తొక్కిన ఆ నల్ల సైకిలుని ఒకసారి కళ్ళముందు పెట్టుకోండి. చెయినుకి నిండు కవరు. రెండు చక్రాల మీదా లోతైన మడ్గార్డులు. టైరుకి ఆనుకుని గిర్రున తిరిగే డైనమో. వెనక మడ్గార్డు కొసన అరచేయంత తెల్లరంగు. ఎండలు మండిపోయే రాజమండ్రిలో, కర్నూల్లో ఈ హంగులన్నీ ఎందుకని ఎవరూ అడగలేదు. ఇవన్నీ నాటింగ్‌హామ్ జనవరి కోసం పుట్టినవి.

ఆ తెల్లరంగుకి ఒక కథ ఉంది. 1878లో పుట్టిన సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్, సైకిలుకి వెనక దీపం తప్పనిసరి చేయవద్దని ఏళ్ళ తరబడి పోరాడింది. ముందు పోయేవాణ్ణి చూసుకుని నడపాల్సిన బాధ్యత వెనక వచ్చే మోటారుదేనని వాళ్ళ వాదన. 1934 చట్టం మధ్యేమార్గం పట్టింది. వెనక ఎర్ర రిఫ్లెక్టరు, దానితోపాటు తెల్లటి పట్టీ ఉంటే చాలంది. తరవాత రెండో ప్రపంచయుద్ధం, దానితోపాటు వీధిదీపాలు ఆర్పేసే బ్లాకౌట్ వచ్చి వెనక దీపాన్ని తెచ్చిపెట్టాయి, 1945లో చట్టం దాన్ని ఖాయం చేసింది. మన సైకిలు షాపుల్లో మాత్రం ఆ తెల్ల పట్టీతోనే మడ్గార్డులు ఇంకా వేలాడుతున్నాయి. క్లబ్బు వాదనలో న్యాయం లేకపోలేదు గానీ, డిసెంబరు సాయంత్రం న్యాయాన్ని నమ్ముకుని రోడ్డెక్కడం కంటే దీపం వెలిగించుకోవడమే మేలు. అందులోనూ టైరుకి ఆనుకునే డైనమో వానలో జారిపోయి సరిగ్గా అవసరమైనప్పుడే ఆరిపోతుంది. 1930లలోనే స్టర్మీ-ఆర్చర్ కంపెనీ డైనమోని ముందు చక్రం బొడ్డులోకి చేర్చి ఆ బెడద తీర్చింది. ఇవాళ రోజూ పనికి తొక్కేవాళ్ళలో తెలిసినవాళ్ళు కొనుక్కునేది కూడా దాని మనవడినే.

ఇక మడ్గార్డు. వానలో తొక్కనివాళ్ళు పైనుంచి పడే నీటితో తడుస్తామనుకుంటారు. సన్నటి ముసురులో పైనుంచి పడేదెంత? అసలు తడిపేది చక్రమే. వెనక చక్రం రోడ్డుమీది మురికి నీటిని వీపు మీద చారగా చిమ్ముతుంది. ముందు చక్రం బూట్లనీ, చెయిన్నీ, పెడల్ ఇరుసునీ ముంచుతుంది. వాన వెలిసి గంటైనా, రోడ్డు తడిగా ఉన్నంతసేపూ ఈ అభిషేకం ఆగదు. కనుక మడ్గార్డు ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే, ఎంత పొడవుందన్నది మిగతా సగం. ముందు మడ్గార్డు కొసన మెత్తటి పట్టీ ఒకటి, నేలకి నాలుగు వేళ్ళ ఎత్తు దాకా దిగాలి. కొన్న మడ్గార్డులు అంత పొడవుండవు. అక్కడి సైకిలు క్లబ్బులవాళ్ళ సైకిళ్ళని వంగి చూస్తే, గిన్నెల సబ్బు సీసానో పాల డబ్బానో కత్తిరించి, రెండు రంధ్రాలు పొడిచి, చిన్న బోల్టులతో బిగించిన పట్టీ కనిపిస్తుంది. సీసా ప్లాస్టిక్కుకి ఉండే వంపు మడ్గార్డు వంపుకి అతికినట్టు సరిపోతుంది. రాయి తగిలితే వంగుతుంది, విరగదు. టైరుకీ మడ్గార్డుకీ మధ్య వేలు దూరేంత సందు ఉంచుకోవాలి. లేకపోతే నవంబరులో రాలిన తడి ఆకులు అందులో ఇరుక్కుని చక్రం పట్టేస్తుంది.

వెనక మడ్గార్డు పట్టీ సంగతి వేరు. దానివల్ల తొక్కేవాడికి ఒరిగేదేమీ లేదు. అది వెనక వచ్చేవాడి మొహం కోసం. ఆదివారం క్లబ్బు గుంపు జతలు జతలుగా, ఒకరి చక్రం వెంట ఒకరి చక్రం చేరువగా సాగుతుంది, ముందున్నవాడి వీపే వెనకవాడికి గాలి నుంచి చాటు. ఆ గుంపులో పట్టీ లేకుండా ముందు తొక్కితే వెనకున్నవాడికి గంటసేపు నోట్లో ఇసక. అందుకని పట్టీ లేనివాడు చివరికి పోవాలి. ఎవరూ అరవరు, పెద్దాయన ఒకరు పక్కకి వచ్చి మెల్లిగా ఆ మాట చెబుతారు. వచ్చే ఆదివారానికి సబ్బు సీసా ఖాళీ అయిపోతుంది. నా మట్టుకు ఈ సంప్రదాయం మొత్తంలో నాకు నచ్చింది ఈ ఒక్క మర్యాదే. తన కోసం కాని వస్తువుని తన సైకిలుకి బిగించుకోవడం.

వేసవి సైకిలు వేరు, చలికాలపు సైకిలు వేరు. ఇది డబ్బున్నవాళ్ళ సోకు కాదు, సైకిళ్ళలో పాతదీ బరువైనదీ ఈ పనికి దిగుతుంది. కారణం ఉప్పు. మంచు పేరుకోకుండా రోడ్ల మీద రాత్రిళ్ళు రాతి ఉప్పు చల్లుతారు, చెషైరులోని విన్స్‌ఫర్డ్ గనిలో తవ్వేదంతా చాలావరకు ఇందుకే. ఆ ఉప్పునీరు చెయిన్ని, అల్యూమినియాన్ని, స్పోకుల నిపుల్స్‌ని ఇష్టంగా తింటుంది. ఇదివరకు క్లబ్బు మనుషులు చలికాలం రాగానే గేర్లు, ఫ్రీవీలు అన్నీ పీకేసి, చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరిగే ఫిక్స్‌డ్ వీలు వేసుకునేవారు. ఒక తొక్కుకి ఐదు మీటర్లు పైచిలుకు పోయే ఒకే ఒక గేరు. ఇసక పట్టి మొరాయించే భాగాలే ఉండవు. పల్లంలోనూ కాళ్ళు ఆగవు కనుక మోకాళ్ళు చల్లబడవు. వెనక చక్రం జారబోతే ఆ సంగతి ముందు పాదానికి తెలుస్తుంది. దీనికి పై మెట్టు వుల్వర్‌హాంప్టన్‌లో జాన్ మార్‌స్టన్ కంపెనీ చేసిన సన్‌బీమ్ సైకిళ్ళది. మూసిన కవరు లోపల చెయిను నూనెలో తడుస్తూ తిరుగుతుంది, బయటి ముసురుతో దానికి నిమిత్తం లేదు.

బ్రేకులే ఆ పాత సైకిళ్ళ పాపం. క్రోమియం పూత పూసిన ఇనప రిమ్ము తడిస్తే రబ్బరు దాని మీద పట్టదు. మన రాడ్డు బ్రేకు సైకిలుని శ్రావణమాసంలో తొక్కినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. మందు ఒకటే. అవసరానికి ముందే బ్రేకుని తేలిగ్గా తాకించి ఉంచాలి. చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి రబ్బరు నీటిని తుడిచేస్తుంది, అప్పుడు గట్టిగా పట్టాలి. అల్యూమినియం రిమ్ములు, డ్రమ్ము బ్రేకులు, ఇప్పుడు డిస్కులు వచ్చి ఈ చిక్కు చాలావరకు తీర్చాయి.

బట్టల దగ్గర కొత్తవాళ్ళు చేసేదల్లా దుప్పట్లు కప్పుకున్నట్టు బయల్దేరడం. మైలు తిరక్కుండా చెమట పడుతుంది, ఆ చెమటే తరవాత చల్లబడి వణికిస్తుంది. గుమ్మం దాటేటప్పుడు కాస్త చలి వేయాలి, అదే కొలత. ఒంటికి తగిలే పొర ఉన్నిదైతే తడిసినా కొంత వెచ్చదనం మిగులుతుంది. నూలు బనియనైతే ఆ దయ ఉండదు. పైన వేసుకునే కోటు విషయంలో నేను పాత పద్ధతి పక్షం. కేప్ అని ఒకటుంటుంది. తలదూర్చి వేసుకుంటే భుజాల నుంచి హ్యాండిల్ దాకా గుడారంలా పరుచుకుంటుంది. లోపల రెండు ఉచ్చులు, వాటిలో బొటనవేళ్ళు పెడితే చేతులూ తొడలూ దాని కిందే దాక్కుంటాయి. కింద తెరిచే ఉంటుంది కనుక చెమట ఆవిరి బయటికి పోతుంది. ఎంత ఖరీదైన రెయిన్‌కోటైనా ఎత్తు ఎక్కేటప్పుడు లోపల్నుంచి తడిపేస్తుంది, కేప్ ఆ పని చేయదు. ఎదురుగాలి వస్తే మాత్రం తెరచాపలా పట్టుకుని వెనక్కి గుంజుతుంది. గాలిరోజున కోటు, ముసురు రోజున కేప్. చేతి తొడుగులు రెండు జతలు తీసుకెళ్ళడం అక్కడ అందరికీ తెలిసిన గుట్టు. ఒకటి తడిశాక మధ్యాహ్నం రెండోది. సాక్సుల మీద ప్లాస్టిక్ సంచి చుట్టి బూటు తొడగడం చూడ్డానికి బాగోదు, పని మాత్రం చేస్తుంది.

రోడ్డు మీద మూడు గండాలు. పల్లెదారుల పక్కన ముళ్ళ కంచెల్ని రైతులు చలికాలంలోనే యంత్రాలతో కొట్టేస్తారు, పక్షులు గూళ్ళు పెట్టే మార్చి నుంచి ఆగస్టు దాకా కొట్టకూడదు గనక. ఆ ముళ్ళు దారంతా రాలతాయి. పైగా తడి టైరుని రాతిముక్క సులువుగా కోసేస్తుంది. చీకట్లో, గడ్డకట్టిన వేళ్ళతో పంక్చరు వేసుకోవడం ఎవరి వల్లా కాదు, మొత్తం ట్యూబు మార్చేసి అతుకు పని ఇంటిదగ్గర చేసుకుంటారు. రెండోది ఇనప మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది తెల్ల గీతలు. తడిలో వాటి మీద మలుపు తిప్పకూడదు, నిలువుగా దాటాలి. మూడోది కంటికి కనపడని మంచు పొర. చెట్ల నీడలో, వంతెన మీద పొంచి ఉంటుంది. దాని మీద బ్రేకు ముట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, తొక్కు ఆపి నిటారుగా సాగిపోవాలి. ఆ సంగతి తెలిసినవాళ్ళు గట్టి చలి రాత్రి తెల్లారాక చిన్న దారులు వదిలి ఉప్పు చల్లిన పెద్ద రోడ్డు పడతారు, లేదా టైర్లకు మేకులున్న చక్రాలు తగిలిస్తారు.

ఇలాంటి చలికాలంలో తొక్కినవాళ్ళలో టామీ గాడ్విన్‌ని తలుచుకోకుండా ఉండలేం. 1939 జనవరి 1న మొదలుపెట్టి ఆ ఏడాదిలో 75,065 మైళ్ళు, అంటే లక్షా ఇరవై వేల కిలోమీటర్ల పైచిలుకు తొక్కాడు. సగటున రోజుకి 330 కిలోమీటర్లు. శాకాహారి. ఏడాదిలో చాలాభాగం నాలుగు గేర్ల స్టర్మీ-ఆర్చర్ ఉన్న రాలీ మీద. సెప్టెంబరులో యుద్ధం వచ్చి దీపాల మీద మూతలు పడ్డాయి, వీధులు చీకటయ్యాయి, ఆయన ఆగలేదు. 2016 దాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు. షికారు వైపు చూస్తే, 1919 మార్చి ఆఖర్లో వేల్స్‌లోని బెర్విన్ కొండల్ని మంచులో సైకిలుతో దాటిన వేఫేరర్ ఉన్నాడు. అసలు పేరు డబ్ల్యూ.ఎం. రాబిన్సన్, మొదటి ప్రపంచయుద్ధంలో కాలికి దెబ్బ తగిలినవాడు. ఆయన రాసిన వ్యాసం చదివి ఎందరో చలికాలంలో కొండదారి పట్టారు, ఆయన దాటిన కనుమలో ఆయన పేర రాయి కూడా ఉంది.

కానీ ఈ విద్యని వీరుల ఖాతాలో రాయడం నాకు ఇష్టం లేదు. దీన్ని పెంచింది నాటింగ్‌హామ్, కొవెంట్రీ ఫ్యాక్టరీల్లో తెల్లవారుజామున షిఫ్టుకి పోయిన మనుషులు. బస్సు డబ్బులు మిగులుతాయని తొక్కారు, వాన వచ్చినా తొక్కారు. 1949లో బ్రిటన్ జనం సైకిళ్ళ మీద దాదాపు 2,400 కోట్ల కిలోమీటర్లు తిరిగారు. కార్లు వచ్చాక, పాతికేళ్ళు తిరక్కుండా అది ఆరో వంతుకి పడిపోయింది. అప్పుడే సైకిళ్ళకి మడ్గార్డులు ఊడాయి, చెయిన్ కవర్లు పోయాయి, సైకిలు ఎండరోజుల ఆటవస్తువైంది. మనదీ ఇప్పుడు అదే వరస. హైదరాబాదు షోరూముల్లో ముప్ఫై వేలు పోసి కొనే గేరు సైకిలుకి మడ్గార్డూ లేదు, క్యారియరూ లేదు, స్టాండూ లేదు. జూన్‌లో తొలివాన పడగానే అది బాల్కనీలో చేరుతుంది. వానని తప్పుపట్టి లాభం లేదు. వందల రూపాయల్లో వచ్చే మడ్గార్డు జతని కంపెనీవాడూ ఇవ్వలేదు, మనమూ అడగలేదు.

తొక్కడం అయ్యాక పని ఇంకా ఉంటుంది. ఇంటికి చేరగానే మొదటి స్నానం సైకిలుకే. ఉప్పు ఎండకముందే గోరువెచ్చని నీళ్ళు బకెట్టుతో నెమ్మదిగా పోయాలి. ప్రెషర్ పైపుతో కొడితే బాల్స్‌లోని గ్రీజు కొట్టుకుపోయి, మర్నాడు ఓవరాయిలింగ్‌కి ఇవ్వాల్సి వస్తుంది. చెయిన్ని పాత గుడ్డతో తుడిచి, లింకుకో చుక్క చొప్పున చిక్కటి నూనె వేసి, పైన కనిపించే నూనెంతా మళ్ళీ తుడిచేయాలి. లోపల ఉన్నదే పనిచేసేది, పైన ఉన్నది ఇసకని పిలుస్తుంది. తోలు సీటు తడిసిందా, ఆరేదాకా దాని మీద కూర్చోకూడదు, కూర్చుంటే సాగిపోయి మళ్ళీ ఆకారానికి రాదు. బూట్లలో పాత పేపర్లు కుక్కి రేడియేటరుకి జానెడు ఎడంగా పెడితే పొద్దుటికి ఆరతాయి. పేపర్లని రాత్రి పడుకునే ముందు ఒకసారి మార్చాలి.