వర్చువల్ ప్రపంచాల్లో జపనీస్ భాషాభ్యసనం: స్థలనిర్దేశం, సంబంధనిర్దేశం

పరభాష పట్టుబడాలంటే ఆ భాష మాట్లాడే నేలమీద కొంతకాలం మసలాలన్నది భాషాబోధనలో చాలాకాలంగా ఉన్న నమ్మకం. ఆ నేలకు వెళ్లలేనివారి కోసం కంప్యూటర్‌లోనే ఒక చోటును కల్పించే ప్రయత్నాలు మూడు దశాబ్దాలుగా సాగుతున్నాయి. జపనీస్ విషయంలో ఈ ప్రయత్నాలు తొలినుంచీ కనిపిస్తాయి. వీటిని గురించిన చర్చలో అభ్యాసకుడికి ఎన్ని పదాలు గుర్తున్నాయి, మాట్లాడటానికి బిడియం ఎంత తగ్గింది అన్న ప్రశ్నలే సాధారణంగా ముందుకు వస్తాయి. అక్కడ అతడు నేర్చుకుంటున్నది ఎలాంటి జపనీస్ అన్న ప్రశ్న వెనకబడిపోతుంది. స్థలాన్ని తెలిపే భాషను వర్చువల్ ప్రపంచం తరగతిగదికన్నా బాగా నేర్పగలదని, మనుషుల మధ్య సంబంధాన్ని తెలిపే భాషను మాత్రం ఆ ప్రపంచంలో చేయడానికి ఉమ్మడి పని ఉన్నప్పుడే నేర్పగలుగుతోందని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ చరిత్రలో ముందుగా చెప్పుకోవలసింది ‘జెంగొ సయు’. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హ్యూమన్ ఇంటర్‌ఫేస్ టెక్నాలజీ ల్యాబరేటరీలో హోవర్డ్ రోజ్, మార్క్ బిల్లింగ్‌హర్స్ట్ 1990ల నడుమ దీన్ని రూపొందించారు. అది ఆన్‌లైన్ లోకం కాదు, ప్రయోగశాలలో కట్టిన గది. కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని అందులోకి వెళ్లిన విద్యార్థికి ఎదురుగా వస్తువులుంటాయి. సైగతో వాటిని కదిలించవచ్చు, వాటికి సంబంధించిన జపనీస్ మాటలు వినవచ్చు, జపనీస్‌లో ఆజ్ఞ ఇవ్వవచ్చు. జెంగొ సయు అంటే ముందు, వెనక, ఎడమ, కుడి. స్థలాన్ని తెలిపే మాటలే దాని పాఠ్యాంశం. దీని వెనక ఇంకా పాత ఆలోచన ఒకటుంది. ఆజ్ఞను విని శరీరంతో ఆచరించడం ద్వారా భాష నేర్పే పద్ధతిని జేమ్స్ ఆషర్ ప్రతిపాదించాడు. జపనీస్ నేర్పడంలో దాని ఉపయోగాన్ని షిరో కునిహిరాతో కలిసి 1965లోనే పరిశీలించాడు. ‘లే’, ‘నడువు’, ‘ఆగు’ అని విని లేచి, నడిచి, ఆగిన శరీరం ఆ క్రియలను మరిచిపోదన్నది దాని సారం.

జపనీస్‌కు ఈ పద్ధతి ఎందుకు నప్పుతుందో తెలియాలంటే ఆ భాషలోని నిర్దేశకాలను చూడాలి. తెలుగులో ఆ, ఈ, ఏ అనే మూడింటిని చిన్నయసూరి బాలవ్యాకరణం త్రికం అంటుంది. ఇది, అది, ఏది; ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ప్రశ్నను పక్కన పెడితే మనకు మిగిలేవి రెండే: దగ్గర, దూరం. జపనీస్‌లో ఈ వరుస కొ, సొ, అ, దొ అని నాలుగు. మాట్లాడేవాడి దగ్గరున్నది ‘కొరె’, వినేవాడి దగ్గరున్నది ‘సొరె’, ఇద్దరికీ దూరంగా ఉన్నది ‘అరె’, ప్రశ్నకు ‘దొరె’. మనం ‘అది’ అనే ఒక్క మాటతో సరిపెట్టేచోట జపనీస్ వక్త ఎదుటిమనిషి చేతిని చూసుకోవాలి. పైగా ఇద్దరూ ఎదురెదురుగా కాక పక్కపక్కన నిలబడితే ‘సొరె’ మరీ దగ్గర, మరీ దూరం కాని నడిమి చోటును సూచిస్తుంది. అంటే నిలబడే తీరు మారితే మాట మారుతుంది. పుస్తకంలో ఒక బొమ్మ గీసి దీన్ని వివరించవచ్చు గాని అలవాటు చేయడం కష్టం. వర్చువల్ గదిలో అభ్యాసకుడు నాలుగడుగులు వేసి ఎదుటివాడి పక్కకు చేరితే చాలు, నిన్నటి ‘సొరె’ ఈరోజు ‘కొరె’ అవుతుంది.

ద్రావిడ భాషల పరిచయమున్నవారికి ఈ మూడో మెట్టు కొత్తది కాదు. ప్రాచీన తమిళంలో ఇదు, అదులతో పాటు ‘ఉదు’ ఉంది. జాఫ్నా తమిళంలో అది ఇప్పటికీ వినిపిస్తుంది. ఇంతమాత్రాన సుసుము ఓనో వాదించినట్టు తమిళానికీ జపనీస్‌కూ చుట్టరికం కలపనక్కరలేదు. ఆ వాదాన్ని భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది అంగీకరించలేదు. తెలుగు అభ్యాసకుడికి జపనీస్ వాక్యక్రమం సులువుగా ఒంటబట్టినా ‘సొ’ వరుస మాత్రం చాలాకాలం జారిపోతూనే ఉండవచ్చని చెప్పడానికి మాత్రం ఈ పోలిక పనికివస్తుంది.

స్థలం నుంచి సంబంధానికి దాటే చోట ఒక క్రియ ఉంది. తెలుగులో ‘ఇచ్చు’ ఒక్కటే. జపనీస్‌లో నేను ఇతరులకు ఇస్తే ‘అగెరు’, ఇతరులు నాకు ఇస్తే ‘కురెరు’. వస్తువు కదిలే దిశే ఇందులో తేడా అయితే వర్చువల్ గది దీన్నీ నేర్పగలిగేది. కాని పరాయివాడు మా చెల్లెలికి ఇచ్చినా ‘కురెరు’ అనాలి. ఇక్కడ ‘నేను’ అంటే ఒక శరీరం కాదు, ‘మావాళ్లు’ అనే వలయం. ఆ వలయానికి జపనీస్‌లో ‘ఉచి’ అని, వెలుపలికి ‘సొతొ’ అని పేర్లు. గదిలో బల్ల ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. ఎదుట నిలబడ్డ రూపం నా వలయంలో ఉందో వెలుపల ఉందో కనిపించదు. గౌరవభాష అయిన ‘కెయిగొ’ మొత్తం ఈ కనిపించని గీతమీదే నిలబడి ఉంది. జపాన్ సాంస్కృతిక మండలి 2007లో ఇచ్చిన మార్గదర్శకాలు దాన్ని ఐదు రకాలుగా విభజించాయి. నువ్వు, మీరు, తమరుల మధ్య పెరిగిన తెలుగువారికి ఈ భేదభావన అర్థమవుతుంది. కాని యజమానిని గురించి బయటివారితో మాట్లాడేటప్పుడు గౌరవక్రియ మానేయాలన్న నియమం దగ్గర వారూ తడబడతారు. మన గౌరవవాచకం సాధారణంగా మనిషికి అంటుకుని ఉంటుంది, వారిది ఆ క్షణంలో వింటున్నదెవరన్నదాన్ని బట్టి కదులుతుంది.

అయితే ఆన్‌లైన్ లోకాలన్నీ ఈ విషయంలో ఒకేలా విఫలం కాలేదు. ఇందుకు సాక్ష్యం భాషాబోధన కోసం పుట్టనే పుట్టని ఒక ఆట. 2002 మేలో జపాన్‌లో విడుదలైన ఫైనల్ ఫాంటసీ 11 మరుసటి ఏడాది ఉత్తర అమెరికాకు, 2004లో ఐరోపాకు చేరింది. ప్రాంతానికొక సర్వర్ అని విడగొట్టకుండా అందరినీ ఒకే లోకంలో ఆడనిచ్చారు. ఒంటరిగా ముందుకు సాగడం అప్పట్లో దాదాపు అసాధ్యంగా ఉండేది. ఆరుగురి జట్టు కట్టాల్సి వచ్చేది, ఒకరు దెబ్బలు కాస్తే మరొకరు గాయాలు మాన్పాల్సి వచ్చేది. భాష తెలియనివారి కోసం ఆటో ట్రాన్స్‌లేట్ అనే ఏర్పాటు చేశారు. ఆటగాడు ముందే సిద్ధం చేసిన పదాల, వాక్యాల జాబితా నుంచి ఒకటి ఎంచుకుంటే ఎదుటివాడి తెరమీద అది అతడి భాషలో, రంగు కుండలీకరణాల నడుమ కనిపిస్తుంది. నిజానికి ఇది అనువాదం కాదు, జాబితా. అందులోని వాక్యానికి మర్యాద స్థాయిని తయారీదారు ఎప్పుడో నిర్ణయించేశాడు, వాడేవాడికి ఎంపిక లేదు. 2000లో వచ్చిన ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్‌లోని వర్డ్ సెలెక్ట్ కూడా ఈ కోవదే.

అసలు పాఠం జాబితాకు బయట జరిగింది. జట్టులో చేరగానే జపనీస్ ఆటగాళ్లు ‘యొరొషికు ఒనెగాయిషిమసు’ అంటారు, విడిపోయేటప్పుడు ‘ఒత్సుకరెసమ’ అంటారు. మొదటిదానికి ‘ఇకపై కాస్త మీరే చూసుకోవాలి’ అన్నంత అర్థం చెప్పుకోవచ్చు. రెండోది ఎదుటివారు పడిన శ్రమను, అలసటను గుర్తిస్తూ పలికే మాట. తెలుగులో దానికి సరితూగే నిత్యవ్యవహార పదం దొరకదు. ‘ధన్యవాదాలు’ అనేది మేలు పొందినవాడి మాట, ‘ఒత్సుకరెసమ’ పక్కన నిలబడి పనిచేసినవాడి మాట. పాఠ్యపుస్తకంలో ఈ పదానికి అర్థం ఉంటుంది. గంటల తరబడి ఐదుగురితో కలిసి ఒకే పనిలో మునిగిన తరవాత దాన్ని చదివినవాడికి, తిరిగి టైపు చేసినవాడికి మాత్రమే ఆ పదం ఎప్పుడు పుడుతుందో తెలుస్తుంది. ఇక్కడ సంబంధం కల్పించింది రూపం కాదు, పని. జట్టులో ఎవరి బాధ్యత ఏమిటో తెలుసు కాబట్టి తాత్కాలికంగానైనా ఒక ‘ఉచి’ ఏర్పడింది. తలలమీద తేలుతూ కనిపించే పేర్లూ ఒక మేలు చేశాయి. జపనీస్‌లో ఎదుటివారిని ‘అనత’ అనడం చాలా సందర్భాల్లో మొరటుగా ఉంటుంది, పేరుకు ‘సన్’ చేర్చి పిలవడం మర్యాద. పేరు కళ్లముందే ఉన్నప్పుడు సర్వనామం అవసరమే రాదు.

2017లో స్టీమ్ ద్వారా ప్రజల్లోకి వచ్చిన వీఆర్‌చాట్ ఇందుకు భిన్నం. గొంతుతో మాట్లాడవచ్చు, హెడ్‌సెట్ ఉన్నవారు తల ఊపితే రూపమూ తల ఊపుతుంది. ఇంగ్లీషు, జపనీస్ మాట్లాడేవారు ఒకరి భాష ఒకరు నేర్చుకోవడానికే ఏర్పడిన ఇఎన్-జెపి లాంగ్వేజ్ ఎక్స్‌ఛేంజ్ వంటి ప్రత్యేక లోకం కూడా ఇందులో ఉంది. అవకాశాలన్నీ ఎక్కువే, కాని కలిసి చేయాల్సిన పని లేదు. మాటే పని. అందుకే సంబంధాన్ని నిర్ణయించే భారం రూపం మీద పడుతుంది. ఆ రూపాన్ని ‘అవతార్’ అంటున్నారు. సంస్కృతం నుంచి ఇంగ్లీషులోకి, అక్కడినుంచి జపనీస్‌లోకి ‘అబతా’గా వెళ్లిన ఈ మాటకన్నా మన ‘వేషం’ ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. అవతారం దిగివచ్చేది, వేషం కట్టేది.

వేషానికి తగిన వాచకం ఉంటుంది. జపనీస్ భాషాశాస్త్రవేత్త సతోషి కిన్సుయి దీన్ని ‘యకువరిగొ’ అన్నాడు, పాత్రభాష అని చెప్పుకోవచ్చు. 2003లో వచ్చిన ఆయన పుస్తకం పేరులోనే ‘వర్చువల్ జపనీస్’ అన్న మాట ఉండటం కాకతాళీయమే అయినా ఈ చర్చకు అచ్చంగా సరిపోతుంది. కథల్లోని ముసలి శాస్త్రవేత్త తనను ‘వషి’ అనుకుంటాడు, వాక్యాన్ని ‘జ’తో ముగిస్తాడు. నిజజీవితంలో అలా మాట్లాడే శాస్త్రవేత్త ఎక్కడా కనిపించకపోయినా ఆ రెండు అక్షరాలు వినగానే పాఠకుడి కళ్లముందు గడ్డం, కళ్లద్దాలు మెదులుతాయి. తెలుగు సినిమా చాలాకాలం కొన్ని మాండలికాలను ప్రతినాయకుడికో హాస్యపాత్రకో కేటాయించిన తీరు తెలిసినవారికి ఇందులోని అన్యాయం కూడా బోధపడుతుంది.

వీఆర్‌చాట్‌లో జపనీస్ పురుషులు అమ్మాయి రూపం ధరించడం ఎంత వాడుకో, దానికి ‘బాబినికు’ అన్న ప్రత్యేక పదమే పుట్టింది. ఇందులో ఆక్షేపించవలసింది ఏమీ లేదు. కబుకిలో స్త్రీపాత్రలు ధరించే ‘ఒన్నగత’ సంప్రదాయం వారికి ఉంది. స్థానం నరసింహారావు సత్యభామను, వేదాంతం సత్యనారాయణశర్మ భామాకలాపాన్ని చూసిన తెలుగు ప్రేక్షకులకు ఇది వింతా కాదు. సమస్య వేషధారిది కాదు, అభ్యాసకుడిది. కూచిపూడి ప్రేక్షకుడికి వేషం వెనక ఎవరున్నారో తెలుసు, ఆ వాచకం రంగస్థలానిదనీ తెలుసు. కొత్తగా జపనీస్ నేర్చుకుంటున్నవాడికి తాను విన్న ‘అతషి’, ‘బొకు’, ‘ఒరె’లలో ఏది మనిషి మాటో ఏది వేషం మాటో తేల్చుకునే ఆధారం లేదు. మూడూ ‘నేను’ అనే అర్థంలోనే గుర్తుపెట్టుకుంటాడు. ఎదుటివారి వయసు, హోదా, ఊరు ఏవీ తెలియవు. తెలుగులోలాగే జపనీస్‌లోనూ అపరిచితులను అన్న, అక్క, తాత వరసలతో పిలిచే అలవాటుంది. నక్క చెవుల రూపాన్ని ఏ వరసతో పిలవాలో ఏ వ్యాకరణమూ చెప్పదు.

ఇదే లోకం ఒక విషయంలో మాత్రం తరగతిని మించిపోతుంది. జపనీస్‌లో ‘అయిజుచి’ అంటే మన ఊ కొట్టడం. ఇద్దరు కమ్మరులు ఒకే ఇనుమును వంతులవారీగా సుత్తితో కొట్టడం నుంచి ఆ పదం వచ్చింది. ఊ కొట్టేవాడు లేని కథ తెలుగులో ఎలా ఆగిపోతుందో, అయిజుచి లేని సంభాషణ జపనీస్‌లో అలా తడబడుతుంది. జపనీస్ వాడుకరులలో ‘ముగొన్‌జెయి’ అనే వర్గం ఉంది. మైకు వాడకుండా తల ఊపుతూ, చేతులతో సైగ చేస్తూ గడిపేవారు. మాటలు నేర్చుకుందామని వెళ్లినవాడికి మౌనులు ఎదురవడం చూడటానికి హాస్యంగా ఉంటుంది. అయినా వాక్యంలో సరిగ్గా ఎక్కడ తల ఊపాలో వీరినుంచి తెలిసినంతగా శ్రవణ పాఠాల రికార్డుల వల్ల తెలియదు.

ఇదంతా కేవలం సిద్ధాంతచర్చ కాదు. 1984లో మొదలైన జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్షలో నేటికీ మాట్లాడే విభాగం లేదు. 2019 ఏప్రిల్‌లో జపాన్ నిర్దిష్ట నైపుణ్యాల వీసాను ప్రవేశపెట్టింది, 2021 జనవరిలో భారత్‌తో దానిపై ఒప్పందం కుదిరింది. వృద్ధుల సంరక్షణ అందులో ఒక ప్రధాన రంగం. అందుకోసం రాసే భాషాపరీక్షలు కూడా జవాబు ఎంచుకునేవే. హైదరాబాద్‌లోని ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ విశ్వవిద్యాలయంలో జపనీస్ బోధన ఉంది. అంతటి వసతిలేని జిల్లా పట్టణంలో చదివే అభ్యర్థికి జపనీస్ గొంతు వినిపించే చోటు చాలావరకు ఈ లోకాలే. అక్కడ విన్న స్నేహితుల భాషను వెంటబెట్టుకుని వృద్ధాశ్రమంలో అడుగుపెడితే నష్టపోయేది అతడే. వ్యాకరణదోషాన్ని విదేశీయుడని క్షమిస్తారు, మర్యాదదోషాన్ని స్వభావదోషంగా తీసుకుంటారు.

అందువల్ల బోధకులు తలపెట్టవలసింది మరింత నిజంగా కనిపించే గదులను కట్టడం కాదు. ఉన్న గదిలోకే పని తీసుకురావడం. సంరక్షణ శిబిరం లాంటి గదిలో ముగ్గురు అభ్యాసకులు ప్రవేశిస్తారనుకుందాం. ఒకరికి వృద్ధుడి వేషం, ఒకరికి ఆయన కూతురి వేషం, మరొకరికి సహాయకుడి వేషం. ఎవరెవరో ఒక చీటీలో ముందే రాసి ఇస్తారు. వృద్ధుడు సహాయకుడికి కమలాపండు ఇస్తాడు. అప్పుడే వచ్చిన కూతురికి ఆ సంగతి చెప్పాలి. ‘కురెమషిత’ అంటే వ్యాకరణం తప్పదు, కాని కూతురి ముఖం మాడుతుంది. ‘కుదసాయిమషిత’ అనో, పుచ్చుకున్నవాడిగా తగ్గి ‘ఇతదకిమషిత’ అనో చెప్పాలి. తరవాత వేషాలు మార్చుకుని అదే పండు, అదే బల్లతో మళ్లీ మొదలుపెట్టాలి. ఇందుకు కావలసిన బల్లలు, పండ్లు, శరీరాలు 1990ల నాటి జెంగొ సయులోనే సాధ్యమయ్యాయి. అప్పుడు లేనిది ఆ చీటీ.