శాడిల్ కింద సన్నని పట్టీ

ఉరవకొండలో గిటారుకు పికప్ బిగించాలంటే ముందు చెక్క సంగతి చూడాలి. వైర్ల సంగతి ఆ తరువాతే. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు వాన పడితే అదే గొప్ప మాకు. మార్చి దాటిందంటే గాలిలో తడి ఉండదు. గిటారు పైపలక ఎండి కుంగుతుంది, తీగలు ఫ్రెట్లకు తగిలి జుమ్మంటాయి. గిటారుకు 45 నుంచి 55 శాతం తేమ కావాలి. సబ్బుపెట్టెకు బెజ్జాలు చేసి, తడి స్పాంజి పెట్టి, గిటారు పెట్టెలో ఉంచాం. పలక కుదుటపడ్డాకే పనిముట్లు బయటికి తీశాం.

మా అన్న కొడుకు ఆదివారాలు చర్చిలో వాయిస్తాడు. అందరూ గొంతు కలిపి, కీబోర్డు కూడా అందుకున్నాక వాడి గిటారు ముందు వరుసకైనా వినపడదు. మైకు ఎదురుగా పెడితే వాడు కదలకూడదు, సౌండు పెంచితే కూత. అందుకని తీగలు ఆనే శాడిల్ కింద పెట్టే పీజో పట్టీ పికప్ తెచ్చాం. కొన్ని స్ఫటికాలను నొక్కితే కరెంటు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. ఈ పట్టీ పనిచేసేదీ ఆ సూత్రం మీదే. ఆరు తీగల బిగువూ కలిపితే దాదాపు 70 కిలోలు. అందులో కొంత ఎముక శాడిల్ మీదుగా కిందికి దిగుతుంది. తీగ అదిరినప్పుడల్లా ఆ ఒత్తిడి మారుతుంది, ఆ మార్పే కరెంటవుతుంది.

కాబట్టి అసలు పనితనమంతా శాడిల్ అడుగున ఉంది. పట్టీ ఎంత మందమో అడుగు అంత అరగాలి, లేకపోతే తీగలు పైకి లేస్తాయి. అద్దం ముక్క మీద ఉప్పుకాగితం అంటించి, శాడిల్‌ను నిటారుగా పట్టుకుని, ఒకే దిక్కుకు లాగాలి. అడుగున పెన్సిలుతో గీతలు గీసుకుంటే ఎక్కడ అరిగిందో, ఎక్కడ అరగలేదో అవే చెబుతాయి. గీతలన్నీ ఒక్కసారే మాయమైతే అడుగు చదునైనట్టు.

అంతా బిగించి తీగలు ఎక్కించాక, "రెండో తీగ పలుకుతాలేదు చిన్నాయనా" అన్నాడు వాడు. చేత్తో మీటితే బాగానే ఉంది, స్పీకర్లో మాత్రం గుసగుస. శాడిల్ తీసి టార్చి వేసి చూస్తే గాడి అడుగున ఫ్యాక్టరీ నాటి జిగురు బొట్టు, గుండుసూది తలంత. దాన్ని సన్నుళితో గీకేసి మళ్ళీ బిగించాక ఆరు తీగలూ సమానంగా పలికాయి. ఆ కాసేపట్లో వాడు గిటారు గురించి నేర్చుకున్నది ఏ క్లాసులోనూ దొరకదు.

జాక్ కోసం గిటారు అడుగు కొసన 12 మిల్లీమీటర్ల బెజ్జం వేయాలి. టేపు అంటించి నిదానంగా పెద్దది చేస్తూ పోతే పాలిష్ పెచ్చులూడదు. ప్రీయాంప్ పెట్టడం మాత్రం మానవద్దు. పీజో ఇచ్చే కరెంటు అతి స్వల్పం. మైక్‌సెట్ ఆంప్లిఫైయర్లో మైకు గుచ్చే చోట నేరుగా కలిపితే మంద్రం మొత్తం పోయి రేకు డబ్బా కొట్టినట్టుంటుంది. నడుమ కనీసం 10 లక్షల ఓమ్‌ల ప్రీయాంప్, దానికో 9 వోల్టుల బ్యాటరీ ఉండాలి. వాయించడం అయ్యాక కేబుల్ పీకేయాలి, గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

కరెంటు తగిలితే వాద్యం స్వచ్ఛత పోతుందనే వాళ్ళతో నేను ఏకీభవించను. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్‌ని తలుచుకోండి. జంట తీగల మామూలు మాండలిన్‌లో స్వరం ఇట్టే ఆరిపోతుంది, గమకం సాగదు. ఆయన అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతం వినిపించారు. గమకానికి అక్కడ కరెంటే దారి ఇచ్చింది. మా గిటారు కథ వేరు, దానికి సొంత డొల్ల ఉంది, సొంత గొంతు ఉంది. ఆ గొంతును వెనక బెంచీ దాకా చేర్చడమే పికప్ పని. ట్రెబుల్ కాస్త తగ్గించి, గిటారు నోటికి రబ్బరు మూత పెడితే కూత కూడా చాలావరకు తగ్గింది.

వాడి స్నేహితుడు తన గిటారు కూడా తెస్తానంటున్నాడు. ఈ ఎండల్లో వద్దన్నాను. నాలుగు వానలు పడి చెక్క తేరుకున్నాక తెమ్మన్నాను.